పుట్టినరోజు దాకా బీరువాలోనే

మార్‌బుర్గ్, జర్మనీ

అమ్మా,
చలి తప్ప నాకిక్కడ వేరే ఇబ్బంది లేదు. నీ పార్సెల్ వచ్చింది. పైన ‘పుట్టినరోజు కానుక’ అని రాశావు కదా, నేను అద్దెకున్న ఇంటావిడ హిల్ట్రూడ్ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ రోజు రాకముందే విప్పితే అరిష్టమట. నా స్వెట్టరు అందులోనే ఉందని జర్మనులో, ఎక్కడా తడుముకోకుండా పోట్లాడాను. అంతా విని, “వచ్చిన కొత్తలో ఉప్పు అడగడం కూడా రాలేదు, ఇప్పుడు చక్కగా తిడుతున్నావే. మీ కాలేజీవాళ్లు ఏడాదిపాటు పంపింది ఇందుకేగా” అంటూ తాళంచెవి జేబులో వేసుకుంది. అప్పటిదాకా వేసుకోమని తన స్వెట్టరు ఇచ్చింది. అందులో నేనూ నాన్నా ఇద్దరం పడతాం.

కుక్క కాలు నయమైందా? ఇకమీదట పార్సెల్ మీద నా పేరు తప్ప ఇంకేమీ రాయకు. అందరికీ ముద్దులు. శుభాకాంక్షలు చెబుదామని ఒక రోజు ముందే ఫోను చేసేవు జాగ్రత్త, అదీ అరిష్టమేనట, ఎత్తేది ఆవిడే.

మోర్వెన్