అన్న కోసం చూసిన జీపు

నరసరావుపేట,
12 ఆగస్టు 1986

ఇస్మాయిల్ అన్నకి తమ్ముడు ఖలందర్ సలాములు.

ఇక్కడ ఇంటిల్లిపాదికీ ఒంట్లో బాగానే ఉంది. అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గింది. ఆ మంచు కొండల్లో నువ్వు కూడా క్షేమంగా ఉన్నావని తలుస్తాను. నువ్వడిగావు గనక చెబుతున్నాను, మహమూదా రోజూ బడికి పోతోంది. వాళ్ల నాన్న వచ్చేటప్పుడు డబ్బాలో మంచు పట్టుకొస్తాడని క్లాసులో అందరికీ చెప్పిందట. దానికి నువ్వే ఏదో ఒకటి సర్దిచెప్పుకో.

పోయిన ఉత్తరం నిండా జీపు గురించే రాశావు. మిలిటరీ నుంచి పెన్షన్ మీద రాగానే అచ్చంపేట వైపు ఊళ్లకి జనాన్ని తిప్పుతూ, ఇక ఇంటిపట్టునే ఉంటానన్నావు. ఆ ముక్క వదిన మళ్లీ మళ్లీ చదువుకుంది.

నువ్వడిగినవన్నీ చెబుతాను. మేం చూసినవి రెండు బండ్లు. నాదెండ్లలో వీరయ్యగారిది డీజిల్ జీపు. నాలుగు గేర్లు, ఒక్కటీ జారిపోదు. నిండా మనుషుల్ని ఎక్కించినా కాలవ కట్ట మీదికి రెండో గేరులోనే ఎక్కింది. కానీ లాగేవి వెనక చక్రాలు రెండే. ఇంకోటి ఇక్కడి పత్తి వ్యాపారి ధనుంజయరావుది. పెట్రోలు బాగా తాగుతుంది, గేర్లు మూడే. అయితే గేరు రాడ్డు పక్కన ఇంకో రెండు చిన్న రాడ్లున్నాయి. ఒకటి వేస్తే ముందు చక్రాలు కూడా లాగాలి, రెండోది వేస్తే బండి మెల్లగా నడుస్తూ బలమంతా చక్రాలకి ఇస్తుంది. మీ మిలిటరీ బండ్ల మాదిరే. వాన పడ్డ నల్లరేగట్లో అటువంటిదే కావాలని నువ్వు రాశావు. నాన్న మాత్రం, ఏడాదిలో బురద ఉండేది ఎన్నాళ్లు, మిగతా రోజులన్నీ పెట్రోలు పోస్తూ ఎవడు బతుకుతాడు అన్నాడు.

నేను నీ పక్షమే. వెనక చక్రాలు చాకిరీ చేస్తుంటే ముందువి ఊరికే దొర్లడం ఏం న్యాయమని మన రిపేరు షెడ్డులో గట్టిగానే వాదించాను. నాన్న స్పానరు కింద పెట్టి, "ఒరేయ్, మనుషులకి అయిపోయిందా, ఇంక చక్రాలకి కూడా సంఘం పెడతావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండి ఆ పూట అన్నం కూడా తినలేదు.

ధనుంజయరావు జీపు ఇన్నేళ్లూ నడిపింది మీ మామగారే గదా. మౌలాలీ మామ తనంతట తనే మన షెడ్డుకి వచ్చాడు. టీ గ్లాసు చేతిలో పట్టుకుని, గొంతు తగ్గించి చెప్పాడు. "అల్లుడు కొనే బండి, దాయలేను. ముందు ఇరుసులో పళ్లు పోయినయ్. రాడ్డు పడుద్ది, చక్రం లాగదు. రోడ్డు మీద తెలవదు, బురదలో దిగితే తెలుస్తది. మా ధనుంజయరావు అయ్యకి తెలుసు. నా పేరు మాత్రం బయటికి రానీమాకండి. కొత్త కారు మీద నన్నే పెడతానన్నాడు."

ఇక నాదెండ్ల బండే ఖాయం చేశాం. వీరయ్యగారికి ఇవ్వమని నీ డబ్బు నాన్న నా చేతికిచ్చి, "ముందు ధనుంజయరావు దగ్గరికి పోయి, మాకు కుదరలేదండీ అని ఒక్క మాట చెప్పి వచ్చెయ్. ఇంకేం మాట్లాడమాక" అన్నాడు.

అన్నా, ఆ ఒక్క మాటతో తిరిగి రాలేకపోయాను.

ధనుంజయరావు వరండాలో కుర్చీలో ఉన్నాడు. మామ మెట్ల కింద నిలబడి ఉన్నాడు. కుదరలేదనగానే ఆయన మామ వైపు తిరిగి, "ఏరా మౌలాలీ, బండి ఎట్టుందో ఈ కుర్రాడికి చెప్పు" అన్నాడు.

"చానా మంచి బండయ్యా. నాలుగు చక్రాలూ లాగుద్ది" అన్నాడు మామ, నేల చూస్తూ.

తల నెరిసిన మనిషిని ఏరా అనడం, ఆయన నోటితో అబద్ధం ఆడించడం, రెండూ కలిసి నా నెత్తికెక్కాయి.

"పెద్దాయన్ని ఏరా అంటారేందండీ?"

"నా డ్రైవరు. నేనెట్టా పిలిస్తే నీకేంది? ఏ కాయితాల్లో చదివొచ్చావ్ ఇయ్యన్నీ?"

"మీకు భయపడి ఆయన అబద్ధమాడుతున్నాడు. ముందు చక్రాలు లాగవని మా షెడ్డుకొచ్చి ఆయనే చెప్పాడు!"

నేను మామ తరఫున మాట్లాడుతున్నాననే అనుకున్నాను. ఆయన ముఖం చూశాక గానీ ఏం చేశానో అర్థం కాలేదు. ధనుంజయరావు అరవను కూడా లేదు. "తాళాలు అక్కడ పెట్టి పో, మౌలాలీ" అన్నాడు. ఏరా అని కూడా అనలేదు.

ఆ రోజు నుంచి వదిన నాకు అన్నం పెడుతుంది, మాట్లాడదు. నన్ను దూరం నుంచి చూసినా కేకేసి పిలిచే మామ, నేను వస్తుంటే బీడీ ముట్టించుకుంటూ అటు తిరిగి కూర్చునేవాడు. ఇదంతా నీకు రాయొద్దని నాన్న అన్నాడు. ఇంతవరకే అయితే నేనూ రాయకపోదును.

ఒక శుక్రవారం నమాజు అయ్యాక, ఎవరికీ చెప్పకుండా మళ్లీ ధనుంజయరావు దగ్గరికి పోయాను. మామ మాకేం చెప్పలేదని, కోపంలో నేనే కల్పించానని, ఆయన్ని పనిలోకి రానివ్వమని అడిగాను. డబ్బున్నోడి ముందు తల వంచడం కన్నా పస్తుండడం మేలని సంఘం వాళ్ల చిన్న పుస్తకాల్లో చదివి అందరికీ చెప్పుకు తిరిగినవాణ్ణి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"అయితే బండి మంచిదేగా?" అన్నాడు.

"మంచిదేనండీ."

"మంచిదైతే కొనుక్కో. కొంటే నీ మాట నిజమని నమ్ముతా. లేకపోతే ఆ ముసలాడు నోరు జారాడనే అనుకుంటా."

ఆ గొడవలో వీరయ్యగారి దగ్గరికి పోనేలేదు, నీ డబ్బు ఇంకా నా దగ్గరే ఉంది. ఇచ్చేశాను.

అన్నా, నాదెండ్ల బండి మన ఇంటికి రాలేదు. ధనుంజయరావు జీపు షెడ్డు ముందు నిలబడి ఉంది. దాన్ని చూసి నాన్న నన్ను కొట్టలేదు, తిట్టలేదు. స్పానరు తీసుకుని మళ్లీ పనిలో పడ్డాడు.

ధనుంజయరావు మాట తప్పలేదు. మామ కొత్త కారు నడుపుతున్నాడు. కానీ జీపును చూడగానే ఆయనకి సంగతంతా తెలిసిపోయింది. రోజూ డ్యూటీ దిగి నేరుగా వచ్చి, గోతాం పరుచుకుని దాని కింద పడుకుంటున్నాడు. ముందు ఇరుసు విప్పుతాడు, బిగిస్తాడు. ఆ పళ్ల చక్రం కోసం నేను విజయవాడ అంతా తిరిగాను. అంత పాత మోడలుకి సరిపడేది దొరకలేదు, చూపించినవన్నీ అరిగిపోయినవే. "వదిలెయ్ మామా" అంటే, "నా పని నిలబెట్టడానికే గదరా నా అల్లుడి డబ్బులు మునిగింది" అంటాడు. తప్పు నాదని ఎంత చెప్పినా వినడు. తిట్టినా బాగుండేది.

నువ్వొచ్చాక వాన పడ్డ రోజుల్లో నీ వెంట నేనొస్తాను. బండి దిగబడితే దిగి తోస్తాను. అది చాలదని నాకు తెలుసు.

నన్ను ఏమైనా అను. కానీ ఇంటికొచ్చే ఉత్తరం వదిన పైకి చదువుతుంది, మామ పక్కనే కూర్చుని వింటాడు. అందులో, ముందు ఇరుసు సంగతి తెలిసే ఆ బండి కొనమన్నానని, తీసుకోమని తమ్ముడికి నేనే రాశానని రాయి. అది వింటేనైనా మామ ఆ బండి కింద నుంచి లేస్తాడు. ఇన్నాళ్లూ నిజం నిజం అని ఎగిరినవాడు ఇదేం అడగడం అనుకుంటావు. అయినా అడుగుతున్నాను. నన్ను తిట్టేది వేరే కాగితం మీద రాసి షెడ్డు అడ్రసుకి పంపు.

ఇట్లు,
నువ్వు నమ్మి పని అప్పగించిన తమ్ముడు,
ఖలందర్