మెషీన్ ఏడుపు

మార్చి 9. వంట రెండు పూటలా అయింది. బట్టలు ఒక వాయి, అత్తయ్యకు స్నానం, పక్కదుప్పట్లు మార్చడం అయ్యాయి. కుట్టుపని మిగిలిపోయింది.

తమ్ముడూ,

నువ్వు పంపిన మౌత్ ఆర్గాన్ మీద రోజూ ఒకే వేళకు సాధన చెయ్యమన్నావు. బ్లూస్ అనే ఆ అమెరికా దిగులు పాటలు పలకాలంటే ఊపిరి లోపలికి పీలుస్తూ స్వరాన్ని వంచాలని రాశావు. నాకు ఊపిరి తీసుకునే తీరికే లేదు. చివరికి బట్టలుతికే మెషీన్ తిరుగుతున్నంతసేపూ తలుపు మూసుకుని దాని పక్కనే వాయించడం మొదలుపెట్టాను. ఆ రొదలో ఎవరికీ వినపడదనుకున్నాను. స్వరం వంగలేదు గానీ నా నడుం వంగింది. పోయిన వారం మెషీన్ పాడైపోవడంతో ఆ కాస్తా మానేశాను. మౌత్ ఆర్గాన్ నీకు తిప్పి పంపేద్దామని కాగితంలో చుట్టేశాను కూడా.

ఈరోజు మెకానిక్ వచ్చి బాగుచేస్తుంటే అత్తయ్య మంచం మీంచి కేకేశారు.

"నాయనా, అది తిరిగేటప్పుడు సన్నగా ఏడుస్తుంది. ఆ ఏడుపు మాత్రం తీసెయ్యకు. మధ్యాహ్నాలు నాకదే తోడు."

"మెషీన్ ఏడవడమేంటమ్మా?" అని అతను నా వైపు చూశాడు. వాయించేది నేనేనని చెప్పక తప్పలేదు.

"నువ్వా! మెషీనే నయం, అడక్కుండా పాడేది," అన్నారు అత్తయ్య. "ఊఁ, కానీ మరి."

కాగితం విప్పి, మంచం పక్కన కూర్చుని వాయించాను. స్వరం ఇంకా సరిగా వంగలేదు. ఆవిడ కళ్లు మూసుకుని చివరిదాకా విన్నారు.

ఇకనుంచి ఆవిడ భోజనం అయ్యాక, నేను నడుం వాల్చే ముందు, అదే సాధన వేళ. మౌత్ ఆర్గాన్ పంపడం లేదు. నీ రెండు ఉత్తరాలకూ జవాబు బాకీ దీంతో చెల్లు.

అక్క