బయట ఆరేసిన రోజులు

మే 3
ఉత్తరపు గాలి. ఫ్యాక్టరీ గొట్టం మసి అంతా పెరట్లోకే. బట్టలు లోపల ఆరేశాను.
పదకొండేళ్లుగా ఈ నోట్‌బుక్‌లో రోజుకో గుర్తు. పొగ మన మీదికొస్తే ‘లో’, అటు పోతే ‘బ’. నిరుడు ‘బ’ 231, ‘లో’ 134. మంచి ఏడాది.

మే 9
ఉత్తర ధ్రువం దగ్గరి క్యాంపు నుంచి తమ్ముడి ఫోన్. అక్కడ మంచు మీద ట్రాక్టర్ నడుపుతాడు. మంచు తవ్వి పరీక్షించే మేడమ్‌కి తెల్లటి పొరల మధ్య నల్ల గీత దొరికిందట. ఫ్యాక్టరీల మసేనట, దక్షిణపు గాలి మోసుకొచ్చిందట. బావ పంపిన పార్సిల్ చేరిందని చెప్పక్కా అని నవ్వాడు. మా ఆయన ఇక్కడి ఫ్యాక్టరీలోనే బాయిలర్ ఆపరేటర్. ఆ మాట చెబితే, బావమరిదికి ఆ మాత్రం మర్యాద చేయొద్దా అన్నారు. నేనూ నవ్వాను.

మే 10, మధ్యాహ్నం
ఆ గీత మార్చి రెండో వారానిదట. నోట్‌బుక్ తీశాను. మార్చి 6 నుంచి 14 దాకా వరసగా తొమ్మిది ‘బ’లు. పక్కన నా రాతే: దుప్పట్లన్నీ ఉతికాను, ఎంత తెల్లగా వచ్చాయో.

మే 16
తమ్ముడి ట్రాక్టర్ మంచులో దిగబడింది. మసి పడ్డ మంచు ఎండను పీల్చుకుని తొందరగా కరుగుతుందట. పైకి గట్టిగా కనబడుతుంది, కింద నీళ్లు. ఈసారికి తాడేసి లాగారట. క్యాంపుకి డీజిల్ తేవాలంటే అదొక్కటే దారి. మానేసి వచ్చేయరా అన్నాను. ఇక్కడ పద్నాలుగు మంది చలికి బిగుసుకుపోతారక్కా అన్నాడు. మీ గొట్టం ఒక్కటే కాదులే, ఇలాంటివి వేలున్నాయి, బెంగపెట్టుకోకు అన్నాడు.
వేలు అంటే బెంగ తగ్గుతుందనుకున్నాడు పిచ్చివాడు.

మే 17
గొట్టంలో మసిని ఆపే ఫిల్టర్ చెడిపోయి ఆర్నెల్లయిందట. ఈయన మూడుసార్లు రాసిచ్చారట. ఊళ్లో ఒక్కరూ కంప్లెయింట్ చేయలేదుగా అన్నాడట మేనేజర్. నిజమే. నేనూ చేయలేదు.

మే 18
కంప్లెయింట్ రాసి ఫ్యాక్టరీ ఆఫీసుకి తీసుకెళ్లాను. గుమాస్తా చదివి, మీ బట్టల మీద పడుతోందా అమ్మా అని అడిగాడు. ఇవాళ అటు పోతోందన్నాను. అయితే మీకేం ఇబ్బంది, పడినప్పుడు రండి అన్నాడు.

మే 19
బ.

మే 20
బ.

మే 21
బ. తమ్ముడు రేపు మళ్లీ ఆ దారినే డీజిల్‌కి వెళ్తాడట.

మే 22, ఉదయం ఆరు
గాలి తిరిగింది. పొగ మన మీదికే. బీరువాలోని తెల్ల దుప్పట్లన్నీ తడిపి బయట ఆరేశాను. ఇక్కడే పడనీ.