ఏం తినకుండానే మూడు వందలు

మంగళవారం, రాత్రి

ఈరోజు కంపెనీలో అందరికీ షుగర్ పరీక్ష చేశారు. నర్సు నా వేలు గుచ్చి, మిషన్ చూసి, మళ్ళీ ఇంకో వేలు గుచ్చింది.

"అక్కా, పొద్దుగాల ఏం తిన్నవ్?"

"ఏం తినలే. బస్సు పోతదని ఉరికొచ్చిన."

"ఏం తినకుంటనే మూడొందలా! జల్దీ డాక్టర్‌కు చూపెట్టు."

నాకింకా ముప్పై ఆరేళ్ళే. పాశమైలారంలో మాత్రల ప్యాకింగ్ లైన్ మీద రోజంతా నిలబడి, మధ్యలో దొరికే పది నిమిషాల్లో గేటు దగ్గర బజ్జీలు, చాయ్‌తో కడుపు నింపుకుంటున్నాను. ఏడేళ్ళుగా ఇదే తిండి.

ఇంటికొచ్చి జొన్నరొట్టెలు చేస్తుంటే మా ఆయన, "ఏంది, ఇయ్యాల అన్నం వండలే?" అన్నాడు.

"ఊకెనే" అన్నాను. నిజం నోట్లోంచి రాలేదు. షుగర్ వల్లే మా నాన్నకు కాలు తీసేశారని ఆయనకు తెలుసు. అరికాల్లో మేకు దిగి రెండు రోజులున్నా నాన్నకు నొప్పే తెలియలేదు.

రేపటి డబ్బాలో రొట్టెలు, తోటకూర పప్పు సర్దాను. పది నిమిషాల్లో నమిలి తినగలనో లేదో.

ఆయన నిద్రపోయాక పిన్నీసుతో అరికాళ్ళు గుచ్చుకుని చూశాను. కుడికాలు చురుక్కుమంది. ఎడమకాలు కూడా చురుక్కుమన్నట్టే ఉంది. ఇంకొంచెం గట్టిగా గుచ్చి చూస్తాను.