బేరి చెట్టు కింద చప్పుడు

నాయినా,

నువ్వు బొగ్గు బాయిలోంచి పైకి రాక ఈ రోజుకు ఏడాది. ఆ బాయి మన ఇంటి కిందిదాకా ఉందట. నేల కుంగుతుందని కంపెనీవాళ్లు రేపటికల్లా క్వార్టర్ ఖాళీ చేయమన్నారు.

నువ్వు నాటిన బేరి చెట్టు మొదటిసారి పూసింది. మందులేవీ వేయలేదు, పశువుల ఎరువూ వేపపిండీ మాత్రమే.

పొద్దున చివరిసారి పాదు చేస్తుంటే గడ్డపార కింద నేల డొల్లగా మోగింది. బాయిలో పైకప్పు గట్టిదో కాదో తట్టి వింటారని చెప్పావు కదా, అలాగే రెండుసార్లు తట్టాను. కింది నుంచి రెండు దెబ్బలు వినిపించాయి.

"అమ్మా, నాయిన తడుతున్నడే!"

"పిచ్చి లేచిందా? సామాను సదురు జల్ది, రేపు పొద్దుగాల లారీ వస్తది."

అంటూనే అమ్మ గడ్డపార లాక్కుని మూడుసార్లు తట్టింది. నేలకు చెవి ఆనించి చాలాసేపు అలాగే ఉంది. లేచి, చెట్టుకు బిందెడు నీళ్లు పోసింది.

"మనం ఏడికీ పోతలేం బిడ్డా."