నాన్న నన్ను మీరు అంటున్నాడు

అక్కా,

తిన్నావా? బావ డ్యూటీకి వెళ్ళాడా? ఫోన్లో అడిగితే అంతా బానే ఉందన్నాను. బాలేదు. మాట్లాడదామంటే నాకు గొంతు పెగలదు, నీకు తెలుసుగా. అందుకే టైపు చేస్తున్నా. తప్పులుంటే నవ్వకు.

నాన్న నన్ను మీరు అంటున్నాడక్కా. మెదడుకి జ్వరమొచ్చి ఆసుపత్రి నుంచి వచ్చినప్పట్నుంచీ అంతే. నిన్న టీ ఇస్తే, "మీకెందుకు బాబూ శ్రమ" అని లేచి నిలబడ్డాడు. "మావాడు బడి నుంచి వచ్చే వేళైంది, దార్లో ఎక్కడైనా కనబడ్డాడా?" అన్నాడు. మావాడంటే నేనే. "వాడికి మాటలు తక్కువ గానీ బుర్ర పాదరసం" అని నాకే చెప్పాడు. నా ఎదురుగా ఎప్పుడైనా ఒక్క మంచి మాట అన్నాడా? అమ్మ పోయింది గుర్తుంది. ఆ తర్వాత నేను పెరిగింది గుర్తులేదు. నాన్నా అని పిలిస్తే, ఎవర్ని పిలుస్తున్నానా అని వెనక్కి తిరిగి చూస్తాడు.

డాక్టరమ్మ చెప్పింది, కొత్త సంగతులు దాచుకోడానికీ, కొత్త చోట దారులు గుర్తుపెట్టుకోడానికీ మెదడులో ఒకటే జాగా అంట. అదే దెబ్బతింది. అందుకే, నేను పనిచేసే బేకరీకి దగ్గరని మారిన ఈ గది నాన్న బుర్రకి ఎక్కట్లేదు. బాత్రూంకని లేచి, పాత ఇంట్లోలా ఎడమపక్కకి తిరిగి బీరువాకి గుద్దుకుంటాడు. మొన్న వీధిలో తప్పిపోతే ఇస్త్రీ ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. "ఏరా, మీ నాన్న మెళ్ళో అడ్రసు కట్టు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

నువ్వు చెప్పిన హోంలో చేర్పించేద్దాం. నావల్ల కావట్లేదు.

నీ మూగోడు

అక్కా,

నెలాఖరుకి హోంవాళ్ళు వస్తారన్నావుగా, సరే. ఈలోపు దెబ్బలు తగలకుండా మంచం తిప్పేశాను, ఎడమకి తిరిగితే బాత్రూమే వచ్చేలా. ఇప్పుడు తిన్నగా వెళ్తున్నాడు. మనసుకి గుర్తులేకపోయినా, రోజూ చేసే పని ఒంటికి మెల్లగా అలవాటవుతుందని నర్సమ్మ అంది. ఏమో.

కానీ ఆ దారికి అడ్డంగా నా పక్క వచ్చింది. గదిలో ఇంకో చోటు లేదు. రాత్రంతా పిండి కలిపి వచ్చి పొద్దున పడుకుంటానా, నన్ను తట్టుకుని పడబోతాడు. "ఎవరండీ మీరు, దారికడ్డంగా?" రోజూ అదే మాట, రోజూ కొత్తగా. ఆయన ఇంట్లో నాకు చోటు లేదక్కా.

నీ మూగోడు

అక్కా,

ఇవాళ పని నుంచి ఆలస్యంగా వచ్చాను. నా పక్క చుట్టే ఉంది, నేలంతా ఖాళీ. నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే నాన్న మంచం మీంచి లేచాడు. గది మధ్యకొచ్చి ఆగాడు. గోడ పట్టుకుని, నేను పడుకునే జాగా చుట్టూ తిరిగి వెళ్ళాడు.

"దారి ఖాళీగానే ఉందిగా, చుట్టు తిరిగి వెళ్ళారేంటండీ?" అన్నాను.

కిందికి చూసుకున్నాడు. కాస్త సిగ్గుపడ్డాడు కూడా. "ఏమో బాబూ. అక్కడెవరో పడుకుని ఉంటారనిపించింది. పాపం, నిద్ర చెడగొట్టడమెందుకని."

హోంవాళ్ళకి వద్దని చెప్పెయ్యి. బావ కోప్పడితే పడనీ. రేపట్నుంచి ఆయన్ని వీధి చివరిదాకా రోజూ ఒకే దారిన నడిపిస్తాను. నేనెవరో తెలియకపోతే మానె.

నిద్రొస్తోంది. పక్క వేసుకుంటాను.

నీ మూగోడు