డిస్క్ 0, డిస్క్ 1

మార్చి 3, మంగళవారం

అత్తయ్యగారి లాప్‌టాప్ టిక్కు టిక్కుమంటోంది. ఫైల్ తెరవమంటే పావుగంట ఆలోచిస్తుంది, మా ఆయనకి ఏదైనా పని చెప్పినట్టే. మెకానిక్ దగ్గరికి అత్తయ్యగారూ నేనూ వెళ్లాం. చెవి ఆనించి విని, హార్డ్ డిస్క్ పోయే కాలం వచ్చిందండీ, ఎక్కువ ఆన్ చెయ్యకుండా ఉన్నదంతా కొత్తదాన్లోకి ఎక్కించేసుకోండి అన్నాడు. వారం తన దగ్గర వదిలిపెడితే తనే చేస్తానన్నాడు. అత్తయ్యగారు ఒప్పుకోలేదు. మా అమ్మాయి చేస్తుందిలే, నీకెందుకు శ్రమ అన్నారు.

మా అమ్మాయి అంటే నేను. పెళ్లయిన పన్నెండేళ్లలో బయటివాళ్ల ముందు ఆ మాట అనడం ఇదే మొదలు. ఇంటికొచ్చేదాకా కాళ్లు నేలమీద ఆనలేదు.

మార్చి 5

కొత్త డిస్క్ వచ్చింది. ఆదివారం చేస్తానన్నాను.

అత్తయ్యగారు బోటనీ టీచరుగా రిటైరయ్యారు. అప్పటినుంచీ తొమ్మిదేళ్లుగా ఒకటే పని. గోడల పగుళ్లలో, కాలవల అంచుల్లో మొలిచే కలుపు మొక్కల్ని వెతికి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, ఒక్కోదాని గురించి పేజీ రాసుకోవడం. ఇప్పటికి నాలుగు వందల పన్నెండు మొక్కలు. అన్నీ ఆ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. ప్రెస్సు వాళ్లు నెలాఖరుకి పుస్తకం ఇమ్మన్నారు. మొదట్లో చాటుగా నవ్వుకునేదాన్ని. ఈమధ్య ల్యాబ్ నుంచి వస్తూ నేనూ గోడల వంకే చూస్తున్నాను.

మార్చి 8, ఆదివారం, మధ్యాహ్నం 3

నిన్న రెండు షిఫ్టులు చేశాను. కళ్లు మండుతున్నాయి. ఎందుకైనా మంచిది, ముందు పుస్తకం ఫోల్డర్ ఒక్కటీ పెన్‌డ్రైవ్‌లో వేసిపెట్టమ్మాయ్ అన్నారు అత్తయ్యగారు. క్లోన్ చేస్తే ఉన్నదున్నట్టు మొత్తం వచ్చేస్తుంది, మళ్లీ అదెందుకు అన్నాను. సరే, నీకే తెలుస్తుందిలే అని వెళ్లి పడుకున్నారు.

సాయంత్రం 5.40

నూరు శాతం అయిపోయిందని చూపించింది. కొత్త డిస్క్ ఖాళీ. పాతదీ ఖాళీ.

మార్చి 9

ఇక్కడైనా నిజం రాయాలి. ఎక్కడినుంచి తీసుకోవాలో చెప్పే సోర్స్ అన్నచోట ఖాళీగా ఉన్న కొత్త డిస్క్ పెట్టాను. ఎక్కడికి ఎక్కించాలో చెప్పే డెస్టినేషన్ అన్నచోట పాతది. రెండూ ఒకే కంపెనీ, ఒకే సైజు. తెరమీద డిస్క్ 0, డిస్క్ 1 అని తప్ప ఇంకే తేడా లేదు. డెస్టినేషన్ మీద ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ సరే అన్నాను.

ల్యాబ్‌లో రోజంతా రక్తం గొట్టాలకి లేబుళ్లు అంటించడం నా ఉద్యోగం. ఒక్కటి తారుమారైతే ఒకరి జబ్బు ఇంకొకరి నెత్తిన పడుతుందని కొత్తగా చేరినవాళ్లకి పాఠం చెప్పేదీ నేనే. ఇంట్లో ఉన్నవి రెండే డిస్కులు. రెండు కాగితం ముక్కలు అంటించడానికి బద్ధకించాను.

ట్రాన్స్‌ఫర్ మధ్యలో డిస్క్ చచ్చిపోయిందని అత్తయ్యగారితో చెప్పాను. మా ఆయనకీ అదే చెప్పాను.

మార్చి 10

అత్తయ్యగారు నన్నే ఓదారుస్తున్నారు. దాని ఆయుష్షు అంతే, నువ్వేం చేస్తావమ్మాయ్, నడుం వాల్చకుండా దాంతోనే కుస్తీ పట్టావు, రెండు ముద్దలు తిను అన్నారు. తిట్టినా బాగుండేది. తిన్నాను.

మార్చి 12

మా ఆయన పాత డిస్క్‌ని డేటా రికవరీ వాళ్లకి పంపించారు. వద్దనబోయాను. వద్దనడానికి కారణం దొరకలేదు.

మార్చి 14

నిద్ర లేదు.

మార్చి 19

రిపోర్టు మెయిల్లో వచ్చింది. అత్తయ్యగారి మెయిల్ చూసేది నేనే కాబట్టి ముందు నాకే కనిపించింది. డిస్క్ దెబ్బతిన్న మాట నిజమేగానీ చచ్చిపోలేదట. మొదటినుంచి చివరిదాకా దానిమీద వేరేది రాసేశారట. డిస్క్ లోపం వల్ల ఇలా కాదు, ఎవరో చేస్తేనే అవుతుందట. ఏదీ వెనక్కి రాదట.

డిలీట్ చేశాను. అవును, చేశాను.

అప్పుడే పక్కగదిలో అత్తయ్యగారు ప్రెస్సు వాళ్లతో ఫోన్లో మాట్లాడుతున్నారు. తప్పంతా తనదేనట. ముప్ఫై ఏళ్లు పిల్లలకి జాగ్రత్తలు చెప్పి, తను మాత్రం ఒక కాపీ దాచుకోలేకపోయారట. క్షమించమంటున్నారు. వింటూ కూర్చోలేకపోయాను. ట్రాష్‌లోంచి మెయిల్ వెనక్కి తెచ్చి, ప్రింట్ తీసి, వెళ్లి చదివి వినిపించాను.

ఎవరో అంటే ఎవరని అడిగారు. నేనేనని చెప్పాను. ఎప్పటినుంచి తెలుసన్నారు. పదకొండు రోజులన్నాను. తొమ్మిదేళ్ల గురించి ఒక్క మాట అనలేదు. పదకొండు రోజులా అని మాత్రం ఇంకోసారి అడిగారు.

మార్చి 22

అత్తయ్యగారు నా కాఫీని టేబుల్ మీద పెట్టి వెళ్తున్నారు. పిలవడం లేదు.

మార్చి 27

ఉదయం గోడ దగ్గర స్కేలు పెట్టి ఒక మొక్క ఫొటో తీసుకొచ్చారు. ఒకటో నంబరు. కొత్త డిస్క్ వేయించిన లాప్‌టాప్‌కి పాస్‌వర్డ్ పెట్టుకోవడం ఎలాగో నేర్పమన్నారు. నేర్పాను. టైప్ చేసేముందు నన్ను అటు తిరగమన్నారు.

తిరిగాను.